ఆ మాత్ర అందరిదీ కాదు!

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు పెద్దలు. మరి లేనమ్మ సంగతో? దాని గురించి సామెత ఏమీ చెప్పదు. మగవాళ్లకు బట్టతల వస్తే డబ్బొస్తుందని సరదాగా అంటారు. అదే ఆడవాళ్ల నడినెత్తి కనిపిస్తే మాత్రం సరదా ఉండదు, జాలే ఉంటుంది. ఆ జాలిని తట్టుకోలేకే చాలామంది ఈ సమస్యను ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు. పాపిడి అటు తీసి, ఇటు తీసి, ఎటు తీస్తే కాస్త నిండుగా ఉంటుందా అని అద్దంతోనే మాట్లాడుకుంటారు. అలా మాట్లాడుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నాకిప్పుడు నలభై ఆరేళ్లు. తెనాలిలో ఉంటాం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. టీచర్లకు ఓ ఇబ్బంది ఉంది. మనం కుర్చీలో కూర్చుని నోట్సులు దిద్దుతుంటే పిల్లలు చుట్టూ నిలబడతారు. వాళ్లకు కనిపించేది మన ముఖం కాదు, నడినెత్తి! ఓరోజు ఏడో తరగతి పిల్ల ఒకతి మెల్లగా నా చెవి దగ్గరకొచ్చి 'టీచర్, మా అమ్మమ్మ మందారాకు వేసి నూనె కాస్తుంది. సీసాలో తేనా?' అంది. ఆ పిల్ల ప్రేమగానే అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నూనెలకు మా ఇంట్లో లోటేమీ లేదు. గుంటగలగరాకు, కరివేపాకు, మెంతులు... అన్నీ మా అత్తయ్యగారి చేతి మీదుగా నా తలకెక్కినవే. ఉల్లిపాయ రసం పట్టించుకున్న రోజైతే మావారు వీధి గుమ్మంలోంచే 'పకోడీలా?' అని అడిగారు. నూనె రాస్తే హాయిగా ఉంటుంది, వెంట్రుక మెరుస్తుంది. పాపిడి మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. చివరికి 2021లో గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

వెళ్లగానే మందు రాసిస్తారనుకున్నా. ఆవిడ ముందు పావుగంట ప్రశ్నలు వేశారు. నెలసరి సరిగా వస్తోందా? ఈ ఏడాదిలో పెద్ద జ్వరాలేమైనా వచ్చాయా? బరువు తగ్గారా? ఏ మందులు వాడుతున్నారు? అమ్మ జుట్టు ఎలా ఉండేది? ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మా అమ్మది నిమ్మకాయంత కొప్పు. చిన్నప్పుడు అది చూసి మేమంతా నవ్వేవాళ్లం.

రక్తపరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపే ఫెర్రిటిన్, థైరాయిడ్... అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు చెప్పారు, ఇది వంశపారంపర్యంగా వచ్చేదని. మగవాళ్లకు నుదురు వెనక్కి జరుగుతుంది. ఆడవాళ్లకు చాలావరకు నుదుటి దగ్గరి జుట్టు అలాగే ఉండి, పాపిడి వెడల్పవుతుంది. ముందువైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా క్రిస్మస్ చెట్టు ఆకారంలో ఉంటుందట. 1977లో లుడ్విగ్ అనే వైద్యుడు దీన్ని మూడు దశలుగా విభజించాడు. నాది రెండో దశ.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటీ రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. ఆ చోటే ఇంకోటి మొలుస్తుంది. అందుకే రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. నాలాంటివాళ్లలో మాత్రం కుదుళ్లు చిన్నవవుతూ పోతాయి. రాలినచోట మొలిచేది అంతకంటే సన్నగా, పొట్టిగా ఉంటుంది. చివరికి నూగులా మిగులుతుంది.

మందుగా మొదట రాసిచ్చింది తలకు పూసుకునే మినాక్సిడిల్ ద్రావణం. ఎనిమిది నెలలు పూశాను. కొందరికి బాగా పనిచేస్తుంది. నాకు మాత్రం తల జిడ్డుగా, దురదగా ఉండేది. ఉదయం ఎనిమిదింటికి స్కూల్లో ఉండాల్సినదాన్ని, రోజూ తలస్నానం ఎలా చేసేది? ఆ మాటే చెబితే, 2022లో డాక్టరమ్మ అదే మందును నోటి మాత్రగా, చాలా చిన్న మోతాదులో ఇద్దామన్నారు.

'ఇది అసలు బీపీ మందు, తెలుసా?' అన్నారు నవ్వుతూ. నేను అదిరిపడ్డాను. ఆ కథేమిటో ఆవిడే చెప్పారు. మినాక్సిడిల్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. మిగతా మందులకు లొంగని అధిక రక్తపోటుకు వాడేందుకు అమెరికాలో 1979లో దానికి అనుమతి ఇచ్చారు. అది వాడినవాళ్లలో చాలామందికి ముఖం మీదా చేతుల మీదా జుట్టు మొలవడం మొదలైంది. అది దుష్ప్రభావమే. కానీ ఎవరికో బుర్రలో దీపం వెలిగింది. ఒంటి మీద మొలిపించేది తల మీద ఎందుకు మొలిపించదు? అలా 1988లో మగవాళ్లకు, 1991లో ఆడవాళ్లకు పూతమందుగా అనుమతి దొరికింది.

మాత్రను జుట్టు కోసం వాడటం మాత్రం ఈమధ్య పెరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన చర్మవైద్యుడు రాడ్నీ సింక్లెయిర్ 2018లో వందమంది మహిళల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించాడు. వాళ్లకిచ్చిన మినాక్సిడిల్ రోజుకు పావు మిల్లీగ్రాము, దానితోపాటు స్పైరనోలాక్టోన్ అనే ఇంకో మందు 25 మిల్లీగ్రాములు. బీపీకైతే మినాక్సిడిల్‌ను మామూలుగా రోజుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. లెక్కల టీచర్ని కదా, వెంటనే భాగించేశాను. పదిని పావుతో భాగిస్తే నలభై. అంటే నలభయ్యో వంతన్నమాట! జుట్టు కోసం ఆడవాళ్లకు సాధారణంగా పావు నుంచి రెండున్నర మిల్లీగ్రాముల మధ్యే ఇస్తారు. మాత్రకు అనుమతి వచ్చింది బీపీకి. జుట్టుకు వాడటం అన్నది డాక్టరు మనల్ని చూసి, మంచిచెడ్డలు బేరీజు వేసి తీసుకునే నిర్ణయం.

నాకు బీపీ చూసి, ఈసీజీ తీయించి, రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలో సగం రాశారు. 'మొదటి నెలా రెణ్నెల్లూ ఇంకాస్త ఎక్కువ రాలుతుంది, భయపడి మానేయొద్దు. పాత వెంట్రుకలు చోటు ఖాళీ చేస్తాయి. ముఖం మీద నూగు రావచ్చు. కాళ్లు వాచినా, గుండె దడదడలాడినా, లేవగానే కళ్లు తిరిగినా వెంటనే ఫోన్ చేయండి' అన్నారు. 2021లో వివిధ దేశాల వైద్యులు కలిసి 1404 మంది వివరాలు చూస్తే, సుమారు 15 శాతం మందికి ఒంటి మీద అక్కర్లేని జుట్టు వచ్చింది. తల తిరగడం, నీరు చేరడం, గుండె వేగం పెరగడం... ఒక్కోటీ రెండు శాతం కంటే తక్కువమందిలోనే కనిపించాయి.

ఆవిడ చెప్పినవన్నీ వరసగా జరిగాయి. మొదటి నెల దువ్వెన చూసి గుండె జారింది. మూడో నెలలో చెంపల మీద నూగొచ్చింది. ఆరో నెలలో రాలడం తగ్గింది. ఏడాదికి పాపిడి సన్నబడింది. జడ లావైందా అంటే లేదు. కాలేజీ రోజుల జడ తిరిగి రాదు. కానీ నడినెత్తి చర్మం మెరవడం ఆగింది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పారు. మానేస్తే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. బీపీ, షుగరు మాత్రల్లా ఇదీ సాగుతూనే ఉండాలి. ఆర్నెల్లకోసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూనే ఉన్నాను.

నా కథ ఇంతే అయితే ఇదంతా రాయక్కర్లేదు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివేది. 2023 నవంబరులో ఓ రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. తలస్నానం చేస్తే గుప్పెళ్లతో జుట్టు ఊడొస్తోందట. 'అమ్మా, నీకూ అమ్మమ్మకూ వచ్చిందే నాకూ వచ్చింది. నీ మాత్రలు నాలుగు పంపించు' అంది. పంపలేదు. ఆ శనివారం దాన్నే గుంటూరు తీసుకెళ్లాను.

డాక్టరమ్మ దాని వెంట్రుకలు కొన్ని వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూశారు. 'మూడు నెలల కిందట ఏం జరిగింది?' అన్నారు. ఆగస్టులో డెంగీ! వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. పెద్ద జ్వరం వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లిపోతాయట. రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. కాన్పు తర్వాత, ఆపరేషన్ల తర్వాత, తిండి మానేసి గబగబా బరువు తగ్గినప్పుడు కూడా ఇంతే. కొవిడ్ వచ్చి తగ్గాక ఎంతమంది జుట్టు ఊడిందని బాధపడ్డారో గుర్తుంది కదా. ఇందులో కుదురుకు ఏ లోపమూ రాదు. 'మాత్రేమీ వద్దు. గుడ్లు, పప్పు, ఆకుకూరలు పెట్టండి. ఆర్నెల్లు ఓపిక పట్టండి' అన్నారు. వేసవి సెలవులకు ఇంటికొచ్చేసరికి దాని నుదుటి చుట్టూ బొటనవేలంత కొత్త జుట్టు పసిపిల్లకున్నట్టు నిక్కబొడుచుకుని ఉంది. వెంట్రుక నెలకు సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. దాన్నెవరూ తొందరపెట్టలేరు.

ఇక మూడో కథ. ఇది కాస్త బాధ కలిగించిందే.

2024 సంక్రాంతికి మా పెద్దాడపడుచు వచ్చింది. ముగ్గులు పెడుతూ వంగితే నా తల చూసింది. 'ఏమ్మా, జుట్టు వస్తున్నట్టుందే, ఏం వాడుతున్నావ్?' అంది. దాచలేదు, మాత్ర సంగతి చెప్పాను. ఆవిడ కళ్లల్లో ఆశ మెరిసింది. వాళ్లమ్మాయికి ముందు ఏడాదే పెళ్లయింది. హైదరాబాదులో ఉద్యోగం. ఏడాదిగా జుట్టు పలచబడుతోందట. 'అత్తగారు జడ చూసినప్పుడల్లా ఏదో ఒకటి అంటోందట. ఓ రెండు అట్టలు ఇవ్వు, పేరు రాసివ్వు' అంది.

'వదినా, మాత్ర ఇవ్వలేను. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను' అన్నాను.

'నీ జుట్టు మాత్రం పెరగాలి, నా కూతురిది అక్కర్లేదా?' అంది. వంటింట్లో అందరూ ఉన్నారు. నేనేమీ అనలేదు. కనుమ రోజు భోజనం కాకుండానే వెళ్లిపోయింది.

ఎందుకివ్వలేదో నాకు తెలుసు. ఆ పిల్లకు కొత్తగా పెళ్లయింది, పిల్లల కోసం చూస్తున్నారు. మొదటి రోజే డాక్టరమ్మ నన్ను అడిగిన ప్రశ్నల్లో 'ఇక పిల్లలు వద్దనుకున్నారు కదా?' అన్నదొకటి. మినాక్సిడిల్ మాత్ర గర్భిణులూ, గర్భం కోసం చూస్తున్నవాళ్లూ, పాలిచ్చే తల్లులూ వాడకూడదని చెప్పారు. పసివాళ్ల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో 2019లో స్పెయిన్‌లో తేలింది. కడుపులో మంటకు వాడే మందులో పొరపాటున మినాక్సిడిల్ కలిసింది. అది తాగిన చంటిపిల్లలకు ఒంటినిండా జుట్టు మొలిచింది!

జుట్టు కోసం వాడే మిగతా మాత్రలు ఇంకా జాగ్రత్తగా ఉండాల్సినవి. ఇందాక చెప్పిన స్పైరనోలాక్టోన్ నిజానికి ఒంట్లో నీరు తీసే మందు. మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి, పీసీఓఎస్ ఉండి గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు వచ్చేవాళ్లలో జుట్టుకూ వాడతారు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే గర్భం రాకుండా జాగ్రత్త పడుతూనే వాడాలి. పైగా అది రక్తంలో పొటాషియం పెంచుతుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు అది గుండెకే ముప్పు తేవచ్చు. ఆరోగ్యానికి మంచిదని రోజూ తాగే కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే!

ఫినాస్టిరైడ్ అని ఇంకోటి ఉంది. మగవాళ్ల బట్టతలకు ఒక మిల్లీగ్రాము మాత్రగా అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. అదే మందు అయిదు మిల్లీగ్రాములైతే ప్రొస్టేటు వాపుకు వాడతారు. మా మామయ్యగారి మందుల డబ్బాలోనే ఉంది! ముట్లుడిగిన ఆడవాళ్లకు ఒక మిల్లీగ్రాము ఇచ్చి చూస్తే ఉపయోగం కనిపించలేదని 2000లో తేలింది. ఎక్కువ మోతాదులో కొందరు డాక్టర్లు ఇస్తారు గానీ, అదీ ముట్లుడిగినవాళ్లకే ఎక్కువగా. కడుపుతో ఉన్నవాళ్లు విరిగిన ఫినాస్టిరైడ్ మాత్రను చేత్తో ముట్టుకోనే కూడదంటారు. ఆ సంగతి తెలిశాక మామయ్యగారి డబ్బా అలమరలో పైఅరకు మార్చాను.

పేనుకొరుకుడు గురించి కూడా చెప్పాలి. పేరులో ఉంది గానీ పేలకూ దానికీ సంబంధం లేదు. మన రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది, రూపాయి బిళ్లంత మేర నున్నగా అవుతుంది. అది తీవ్రమై తలంతా పోయినవాళ్లకు ఇప్పుడు మాత్రలొచ్చాయి. అమెరికాలో 2022లో బారిసిటినిబ్‌కు, 2023లో రిట్లెసిటినిబ్‌కు అనుమతి వచ్చింది. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి టీబీ ఉందేమో చూసిగానీ మొదలుపెట్టరు. నాలాంటి పాపిడి సమస్యకు వాటితో పనిలేదు.

ఇన్నీ పండుగపూట వంటింట్లో చెబితే ఎవరు వింటారు? మూడు నెలలు మా వదిన నాతో మాట్లాడలేదు. ఉగాదికి ఫోన్ చేస్తే మావారితో మాత్రమే మాట్లాడింది.

ఆ తర్వాత ఓ ఆదివారం ఆ పిల్లే ఫోన్ చేసింది. 'అత్తయ్యా, అమ్మకు చెప్పకు. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?' అంది. వచ్చింది. బ్యాగులో బయోటిన్ గమ్మీల సీసా ఉంది. డాక్టరమ్మ అది చూసి, 'ఎంతకాలంగా తింటున్నావ్?' అని అడిగి, ముందు అవి ఆపించారు. కొన్ని రోజులాగి అప్పుడు రక్తపరీక్ష చేయించమన్నారు. ఎందుకో తెలుసా? ఎక్కువ మోతాదు బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని రక్తపరీక్షలు తప్పుగా చూపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ హెచ్చరిక చేసింది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ నిజంగా ఎక్కువున్నా తక్కువగా కనిపించొచ్చు. అంటే జుట్టు కోసం తిన్న గమ్మీయే, జుట్టు ఊడటానికి కారణమైన జబ్బును దాచేయగలదన్నమాట!

పరీక్షల్లో రెండూ బయటపడ్డాయి. టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫెర్రిటిన్ బాగా తక్కువ. ఆశ్చర్యమేం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినే ఇల్లాళ్లున్నంతకాలం ఈ లెక్క తగ్గదేమో.

ఆ పిల్లకు రాసిన మాత్రలు రెండు. పరగడుపున థైరాయిడ్‌ది, దానికి నాలుగు గంటలైనా ఎడం ఇచ్చి ఐరన్‌ది. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ, టీ వద్దన్నారు. 'జుట్టు సంగతి తర్వాత. పిల్లల కోసం చూస్తున్నావు కాబట్టి థైరాయిడ్ ముందు దారిలోకి రావాలి. కడుపుతో ఉన్నప్పుడు అది బిడ్డకూ అవసరం' అన్నారు డాక్టరమ్మ. ఆ మాట విన్నాక ఆ పిల్ల తనే వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

వదిన నాకు క్షమాపణేమీ చెప్పలేదు. ఆవిడ పద్ధతి అది కాదు. ఆ దసరాకు మాత్రం కొత్తావకాయ జాడీ ఒకటి, అరిసెల డబ్బా ఒకటి పంపింది. పిల్ల జుట్టు రాలడం ఏడాదికి తగ్గింది. అత్తగారి మాటలు తగ్గాయో లేదో అడగలేదు.

మా ముగ్గురిదీ చూడ్డానికి ఒకటే బాధ. దువ్వెనలో జుట్టు, కళ్లల్లో నీళ్లు. కారణాలు మాత్రం మూడు. ఒకరికి జుట్టు మాత్ర, ఒకరికి ఏ మాత్రా వద్దు, ఒకరికి థైరాయిడ్, ఇనుము. నా అట్ట ముగ్గురం పంచుకుని ఉంటే అమ్మాయికి అనవసరంగా జీవితకాలపు మందు అంటగట్టేదాన్ని. ఆ పిల్లకు ఏం జరిగేదో తలచుకోవడానికే భయమేస్తుంది.

ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో, పెళ్లిళ్లలో, ఆఖరికి బస్సులో కూడా ఎవరో ఒకరు పక్కకు లాగి గొంతు తగ్గించి అడుగుతారు, 'ఆ మాత్ర పేరేంటండీ?' అని. పేరు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, ఇక్కడ రాసేశాను కూడా. కానీ ముందు నేనూ కొన్ని అడుగుతాను. మూడు నాలుగు నెలల కిందట జ్వరమేమైనా వచ్చిందా? నెలసరి ఎలా ఉంది? థైరాయిడ్ ఎప్పుడు చూపించుకున్నారు? ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉందా? వేరే మందులేం వాడుతున్నారు?

కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. కొందరు మాత్రం ఓ నిమిషం ఆగి, ఆలోచించి, 'అవునండీ, మార్చిలో నాకు టైఫాయిడ్ వచ్చింది' అంటారు. వాళ్లతో ఇంకాసేపు కూర్చుని మాట్లాడతాను.